గంట మోగితే లేవాలి

3, సోమవారం

మా కొట్లో రెండు జతల బూట్లు కొన్నవాళ్ళకు ఈ డైరీ ఉచితం. కొన్నవాళ్ళు తక్కువై డైరీలు మిగిలిపోతే పనిచేసేవాళ్ళకు తలా ఒకటి పంచారు. అత్తయ్య దీన్ని ఊగే టీవీ బల్ల కాలి కింద పెట్టింది. ఈ రోజు లాగేశాను. బల్ల ఊగితే ఊగింది. ఎవరితోనైనా చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

కొట్లో మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడను పనిలోంచి పంపేశారు. చేసిన నేరం కూర్చోవడం.

మాది బూట్ల కొట్టు. కూర్చోవడానికి ఇంత ఏర్పాటున్న కొట్టు ఊరంతా వెతికినా దొరకదు. గోడ పొడవునా మెత్తటి బెంచీలు, మధ్యలో గుండ్రటి సోఫాలు. అన్నీ కొనేవాళ్ళకే. అమ్మే ఆరుగురం ఆడవాళ్ళం షట్టరు లేచినప్పటినుంచి దిగేదాకా నిలబడే ఉండాలి. అద్దాల తలుపు పైన ఇత్తడి గంట ఉంది. తలుపు తెరుచుకుంటే మోగుతుంది. మోగగానే ఎక్కడివాళ్ళం అక్కడ నిటారుగా అయిపోయి, తలుపువైపు తిరిగి, చిరునవ్వు నవ్వాలి. ఇది ఎంతగా ఒంటపట్టిందంటే, లోపల భోజనాల గదిలో తింటున్నా గంట వినపడితే ముద్ద నోట్లో ఉండగానే లేచి నిలబడతాం. గోడకు నవ్వుతాం.

మేనేజరుకు మేం పెట్టిన పేరు నిటారు. గాజు గదిలో చక్రాల కుర్చీ మీద అటూ ఇటూ తిరుగుతూ మైకులో "నిటారు, నిటారు" అంటుంటాడు. ఎవరైనా బీరువాకి నడుం ఆనిస్తే, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయమ్మా" అని సామెత చెబుతాడు. ఆ సామెత చెప్పేది కూడా కూర్చునే.

మధ్యాహ్నం కొట్లో ఈగ కూడా లేదు. పెద్దక్క మోకాలు పట్టుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. దొంగచాటుగా కాదు, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుంది. మైకు గరగరలాడింది. లేవమన్నాడు.

"బేరమేమీ లేదు కదా సార్. వస్తే లేస్తాను."

"ఇప్పుడు లేస్తావా లేదా?"

"ఉండండి, మోకాల్ని అడిగి చెప్తాను."

మాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వే కొంప ముంచింది. నిటారు గదిలోంచి బయటికి వచ్చాడు, ముఖం కందగడ్డయింది. "లేచి అట్నుంచి అటే ఇంటికి పో. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. పెద్దక్క సంచీ తీసుకుని, మా అందరివంకా చూసి వెళ్ళిపోయింది. ఆమె బయటికి పోతుంటే గంట మోగింది. మేం ఐదుగురం నిటారుగా నిలబడి చిరునవ్వు నవ్వాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

అయినా నాకెందుకు. నా కాళ్ళు నాకు బరువుగా ఉన్నాయి. ఇప్పుడు వేడినీళ్ళ బకెట్లో ఉన్నాయి.

4, మంగళవారం

ఏమీ జరగలేదు. కాళ్ళు పీకాయి. పిల్లల బూట్ల దగ్గర పెద్దక్క చోటు ఖాళీగా ఉంది. నాకెందుకు.

6, గురువారం

నిటారు నన్ను గాజు గదికి పిలిచాడు. ఉద్యోగానికి ఎసరొచ్చిందేమో అనుకుని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ వెళ్ళాను.

"నీలో వివేకం ఉందమ్మా" అన్నాడు.

ఇంతవరకు ఆ మాట నన్ను మా అమ్మ కూడా అనలేదు.

"పైనెల నుంచి నిన్ను సూపర్‌వైజర్ చేద్దామనుకుంటున్నా. క్యాష్ కౌంటర్ పక్కన నీకో కుర్చీ వేయిస్తా. ఇలాంటిదే. చక్రాలది."

చక్రాలది! నా పిక్కలు ఆ మాట చెవులకంటే ముందే విన్నాయి.

తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. పెద్దక్క లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేసిందట. ఆఫీసరు కొట్టు చూడటానికి వస్తారట. "మనమంతా ఒక కుటుంబం. ఇంటి గుట్టు బయటికి పోకూడదు. ఏమంటావ్?"

"అవును సార్" అన్నాను. దేనికి అవునన్నానో సరిగ్గా గుర్తులేదు. కుర్చీకి అయి ఉంటుంది.

ఇందులో తప్పేముంది? పెద్దక్క పోయింది నావల్ల కాదు. నేను కుర్చీ వద్దన్నంత మాత్రాన ఆమె మోకాలు నయమైపోదు. ఒకరి కాళ్ళైనా బాగుపడాలి కదా.

7, శుక్రవారం

కుర్చీ సంగతి ఇంట్లో చెప్పాను.

మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా కూర్చునే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూర్చోమంటే ఏదో తిట్టినట్టు చూస్తాడు. కంచం చేత్తో పట్టుకుని గదంతా నడుస్తూ తింటాడు. నేనేమో స్టూలు వేసుకుని కూర్చుని వంట చేస్తాను. మా ఇంట్లో నిలబడి తినేది ఒకరు, కూర్చుని వండేది ఒకరు. మమ్మల్నిద్దర్నీ చూసి చుట్టాలు ఏమనుకుంటారో అని అత్తయ్యకు బెంగ.

"చక్రాల కుర్చీ అయితే మంచిదేగా" అన్నాడు మా ఆయన, కిటికీదాకా నడిచి.

"దానికి బదులు నువ్వేం ఇవ్వాలి?" అంది అత్తయ్య. ఆవిడ బడిలో ఆయాగా చేసి రిటైరయింది. పిల్లలు అబద్ధమాడితే ముక్కు చూసి పట్టేసేదట.

"ఏం లేదత్తయ్యా. నోరు మూసుకుంటే చాలట."

"అమ్మో, నీకది చాలా కష్టం కదే."

మా ఆయన నవ్వుతూ పొలమారి దగ్గాడు. అంతలో ఇంటి బెల్ మోగింది. నేను దిగ్గున లేచి, నిటారుగా నిలబడి, తలుపువైపు తిరిగి చిరునవ్వు నవ్వాను. వచ్చింది పక్కింటావిడ, చక్కెర కోసం. నా వాలకం చూసి, "ఏమైనా శుభవార్తా?" అని అడిగింది. చక్కెర తీసుకుని వెళ్ళేదాకా నా పొట్టవంకే చూసింది.

అత్తయ్య నవ్వలేదు. నా కాళ్ళవంక చూసింది. "ఇంట్లో కూడా నిలబెడుతున్నాడన్నమాట మీ మేనేజరు" అంది.

9, ఆదివారం

పెద్దక్కను చూడ్డానికి వెళ్ళాను. పలకరించి రావడం మర్యాద, అంతే. ఇంకేం లేదు.

ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. వరండాలో కుర్చీ వేసుకుని, ఇంకో కుర్చీ మీద కాలు చాపుకుని బఠాణీలు ఒలుస్తోంది. నన్ను చూడగానే, "రావే, కూర్చో. ఇక్కడ మైకు లేదు" అంది.

నేను చేరిన కొత్తలో సైజులు తెలియక తికమకపడుతుంటే వెనకనుంచి గొణుగుతూ చెప్పేది. మొదటి నెల నా మడమలు బొబ్బలెక్కితే తన మేజోళ్ళు విప్పి ఇచ్చింది. ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

"లేబర్ ఆఫీసులో ఏమన్నారక్కా?"

"కొట్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలంట. బేరం లేనప్పుడు కూర్చోవచ్చంట. చట్టమేనే! నేనేదో బద్ధకం అనుకుంటుంటే, అది నా హక్కంట." బఠాణీ ఒకటి నోట్లో వేసుకుంది. "ఇంకోటి. పనిలోంచి తియ్యాలంటే తప్పేంటో రాసివ్వాలంట. మన మాట వినాలంట. ఊరికే రానక్కర్లేదంటే కుదరదంట."

"చట్టంలో ఉంటే చాలా అక్కా? కొట్లో కూడా ఉండాలి కదా."

"అందుకేగా ఆఫీసరమ్మ వస్తోంది. చూసినవాళ్ళు చెప్తే చాలంది. సాక్ష్యం చెప్పినవాళ్ళ జోలికొస్తే అది ఇంకో తప్పంట, దానికి వేరే కేసంట." కాసేపు బఠాణీలే చూసింది. "అమ్మాయి నర్సు చదువు ఇంకో ఏడాది ఉందే. ఈ వయసులో, ఈ మోకాలితో, నాకు కొత్త పని ఎవరిస్తారు చెప్పు? నువ్వు చెప్తావు కదూ?"

"చూద్దాం అక్కా" అన్నాను.

 వచ్చేటప్పుడు బఠాణీలు పొట్లం కట్టి ఇచ్చింది. దారంతా ఆ పొట్లం చేతిలో ఇటుకలా ఉంది.

కుర్చీ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం కాదు.

11, మంగళవారం

ఈ రోజు నవ్వినంత నేను నా పెళ్ళిలో కూడా నవ్వలేదు.

పొద్దున కొట్టు తెరిచేసరికి ఐదు స్టూళ్ళు వచ్చి ఉన్నాయి. ఎర్ర రెక్సిను సీట్లు, పైన ప్లాస్టిక్ కవర్లు. నిటారు వాటిని ఒక్కో బీరువా దగ్గర ఒక్కోటి స్వయంగా పెట్టాడు. "కవరు చింపొద్దు. మళ్ళీ వాపసు ఇచ్చెయ్యాలి" అన్నాడు.

ఆఫీసరు రేపే వస్తారట. అందుకని మాకు కూర్చోవడం నేర్పాడు. ఒట్టు, నిజంగా నేర్పాడు.

"అందరూ కూర్చోండి. అలా కాదు, రోజూ కూర్చునేవాళ్ళలా కూర్చోండి. ఏయ్, నువ్వేంటమ్మా, బస్సులో లేడీస్ సీటు దొరికినట్టు ఆ ముఖం? మామూలుగా! నిటారుగా వద్దు!"

ఆయన నోట "నిటారుగా వద్దు" అనే మాట వినగానే చెప్పుల సెక్షనులో పనిచేసే అమ్మాయికి నవ్వు ఆగక స్టూలు మీంచి జారింది. ఆ చప్పుడుకి మిగతావాళ్ళం కూడా పగలబడి నవ్వాం. ఎంత కదిలితే ప్లాస్టిక్ అంత కరకరమంటుంది. అది విని మళ్ళీ నవ్వు.

"ఈ స్టూళ్ళు ఎప్పట్నుంచి ఉన్నాయని అడిగితే ఏం చెప్పాలి?"

"ఎప్పట్నుంచో ఉన్నాయి సార్" అని బడిపిల్లల్లా అప్పజెప్పాం.

ఇంతలో నిజం బేరమే వచ్చింది. గంట మోగింది. ఐదుగురం లేచి నిలబడ్డాం.

నిటారు తల పట్టుకున్నాడు. "ఇవాళంటే సరే. రేపు మాత్రం గంట మోగినా లేవకూడదు. ఆఫీసరు లోపలికి రాగానే ఏం చూడాలి? మీరంతా హాయిగా కూర్చుని ఉండటం చూడాలి. అర్థమైందా?" తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "నువ్వు వీళ్ళని చూసుకో. చక్రాల కుర్చీకి ఆర్డరిచ్చేశా" అన్నాడు.

నేను బాగా ఆలోచించుకున్నాను. నేను అబద్ధం చెప్పను. అలాగని పెద్దక్కకు ద్రోహమూ చెయ్యను. ఆఫీసరు ఏమడిగినా "నాకు తెలియదండీ" అంటాను. తెలియదనడం అబద్ధం కిందికి రాదు. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. నిలబడటం నాకేమైనా కొత్తా?

పెద్దక్క ఇచ్చిన బఠాణీలు ఇంకా వండలేదు. రేపు వండాలి.

12, బుధవారం

వివరంగా రాయాలి. ఎప్పుడైనా ధైర్యం చాలకపోతే చదువుకోవచ్చు.

పొద్దున్నే ఐదుగురం స్టూళ్ళ మీద కూర్చున్నాం. నిటారు కొత్త చొక్కా వేసుకుని తలుపు దగ్గర కాచుకుని ఉన్నాడు. గాజులోంచి ఒకావిడ వస్తూ కనబడింది. చేతిలో తడిసిన గొడుగు, భుజానికి ఫైళ్ళ సంచీ, మడమల దగ్గర అరిగిపోయిన గుడ్డ బూట్లు. ఆవిడే అని తెలిసిపోయింది. నిటారు మావైపు తిరిగి రెండు చేతులూ కిందికి నొక్కి చూపించాడు, కూర్చోండి, కూర్చోండి అని.

తలుపు తెరుచుకుంది. గంట మోగింది.

లేచాం. ఐదుగురం. అందరికంటే ముందు లేచింది నేనే. లేవకూడదని రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. ప్లాస్టిక్ కరకరమంది, మా ముఖాల మీద చిరునవ్వులు వెలిగాయి.

నిటారు ఆవిడ వెనకనుంచి చేతులు ఇంకా గట్టిగా కిందికి నొక్కాడు. కూర్చున్నాం. ఆవిడ తన గొడుగులోంచి నీళ్ళు కారడం చూసి, "అయ్యో, నేల పాడవుతుంది" అంటూ గొడుగు బయట పెట్టడానికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చింది. గంట మోగింది. మళ్ళీ లేచాం. నిటారు కళ్ళు మూసుకున్నాడు.

ఆఫీసరమ్మ మావంక చూసింది. గంటవంక చూసింది. నిలబడ్డచోటునుంచే చెయ్యి చాపి తలుపు కొంచెం తోసింది. గంట మోగింది. మేం లేచాం.



ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "ఎందుకమ్మా లేస్తున్నారు?"

ఇప్పుడు చెప్పాలి, నాకు తెలియదండీ అని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేను నిలబడే ఉన్నాను కదా. కాళ్ళు చెప్పేశాక ఇక నోరు దాచి ఏం లాభం?

"అలవాటండీ" అన్నాను.

"మరి ఈ స్టూళ్ళు?"

"నిన్న వచ్చాయండీ. ఎప్పట్నుంచో ఉన్నాయని చెప్పమన్నారు." అంతే, గట్టు తెగింది. "ఇక్కడ మేం కూర్చోకూడదండీ. పెద్దక్క మోకాలు నొప్పిగా ఉండి, బేరం లేనప్పుడు కాస్సేపు కూర్చుంది. అందుకే పంపేశారు. తప్పేంటో రాసివ్వలేదు, ఆవిడ మాట వినలేదు. మేమంతా చూశాం. నేను నోరు మూసుకుంటే నాకు చక్రాల కుర్చీ ఇస్తామన్నారు. నేను అవునని కూడా అన్నానండీ."

ఈ చివరి మాట ఎందుకు చెప్పానో నాకే తెలియదు. చెప్పాక మాత్రం చేతిలోంచి ఇటుక దించినట్టయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వెనకనుంచి చెప్పుల సెక్షను అమ్మాయి, "అవునండీ, మేమూ చూశాం" అంది. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఇక మమ్మల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"ఇలా కాదు. అందరూ లోపలికి రండి, ఒక్కొక్కరే చెప్పండి, రాసుకుంటాను" అని ఆఫీసరమ్మ గాజు గదిలోకి నడిచింది. నిటారు కూడా లోపలికి వెళ్ళబోతే, "మీరు బయటుండండి సార్. అంతదాకా బేరాలు మీరు చూసుకోండి" అంది.

మొదట నన్ను పిలిచింది. బల్లకు ఇటువైపు ఫైళ్ళ సంచీ పెట్టుకుని తను మామూలు కుర్చీలో కూర్చుంది. నాకు మిగిలింది ఆయన చక్రాల కుర్చీ. కూర్చున్నాను. మరీ అనుకున్నంత మెత్తగా ఏమీ లేదు.

ఐదుగురం చెప్పేసరికి చాలాసేపు పట్టింది. గాజులోంచి చూస్తూనే ఉన్నాం. గంట మోగినప్పుడల్లా ఆయన నిటారుగా అవుతున్నాడు. తర్వాత ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. ఆ తర్వాత బీరువాకి ఆనుకున్నాడు. చివరి అమ్మాయి చెప్పడం అయ్యి మేం బయటికి వచ్చేసరికి కరకరమని చప్పుడు. నిటారు నా స్టూలు మీద కూర్చుని పిక్క నొక్కుకుంటున్నాడు.

ఆఫీసరమ్మ ఆయన్ని తిట్టలేదు. "నొప్పిగా ఉందా?" అని అడిగింది, నిజంగానే అడిగినట్టు.

"కొంచెం" అన్నాడు పాపం.

"బేరం లేనప్పుడు కూర్చోండి. తప్పేమీ కాదు. వీళ్ళ విషయంలో మాత్రం ఆఫీసుకి వచ్చి జవాబు చెప్పాలి."

ఇంటికొచ్చి బఠాణీలు వండాను. అన్నీ చెప్పాను. అత్తయ్య నా ముక్కువంక చూసి, "నిజమే చెబుతోంది" అని కొడుక్కి ధ్రువీకరించింది. ఆయన మొదటిసారి నా పక్కన కూర్చుని తిన్నాడు.

13, గురువారం

భయంగా ఉంది. నిటారు నాతో మాట్లాడలేదు. మైకులో కూడా ఏమీ రాలేదు. స్టూళ్ళు అక్కడే ఉన్నాయి, ఎవరూ కూర్చోవడం లేదు.

15, శనివారం

చక్రాల కుర్చీ రాలేదు. సూపర్‌వైజర్ మాట ఎవరూ ఎత్తలేదు. నాకేం బాధ లేదు.

కొంచెం ఉంది.

18, మంగళవారం

స్టాకు గది దుమ్ము దులపడానికి నన్నొక్కదాన్నే పంపబోయాడు. చెప్పుల సెక్షను అమ్మాయి తలెత్తకుండా, "సాక్ష్యం చెప్పినవాళ్ళ జోలికొస్తే ఇంకో కేసంట" అని చెప్పులతో చెప్పినట్టు చెప్పింది. నిటారు కాసేపు ఆలోచించి, "అందరూ వంతులవారీగా దులపండి" అన్నాడు. దులిపాం. మొదటి వంతు తనే తీసుకుంది ఆ అమ్మాయి.

24, సోమవారం

పెద్దక్క వచ్చేసింది!

ఆఫీసులో నిటారును, కొట్టు యజమానిని కూర్చోబెట్టి మాట్లాడారట. పాత ఉద్యోగమే, పాత సెక్షనే, సర్వీసులో ఒక్క రోజు కూడా పోకుండా. స్టూళ్ళు వాపసు ఇవ్వకూడదట, పెద్దక్క కోసం ఆరోది కూడా తెప్పించారు. వాటిలో ఒకటి కుంటుతుంది. అది ఎవరికి రావాలన్న దానిమీద అప్పుడే గొడవ మొదలైంది.

తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గంట మోగింది. ఐదుగురం లేచి నిలబడి చిరునవ్వు నవ్వాం. ఈసారి అలవాటు కాదు.

"చాలు చాలు, కూర్చోండే" అంటూ కుంటి స్టూలు దగ్గరికే వెళ్ళింది. దానిమీద ప్లాస్టిక్ కవరును గోటితో పట్టి పర్రున చింపింది. ఆ చప్పుడుకి గాజు గదిలోంచి నిటారు తల ఎత్తాడు, మళ్ళీ దించుకున్నాడు. మేమందరం మా మా కవర్లు చింపేశాం. పెద్దక్క కుంటి కాలి కింద మడిచిన అట్టముక్క దోపి, మోకాలు చాపుకుని కూర్చుని ఉస్సురంది.

కాసేపు పోయాక నా దగ్గరికి వచ్చింది. "చక్రాల కుర్చీ పోగొట్టుకున్నావంటగా, నా కోసం."

"అదేం మెత్తగా లేదక్కా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.  తర్వాత నేను మేజోళ్ళ సంగతి ఎత్తబోతే, "పనిచూసుకో, బేరం వస్తోంది" అంది.

25, మంగళవారం

సమస్య: కూర్చోవడం మాకు చేతకావడం లేదు. గంట మోగితే ఇంకా లేచిపోతున్నాం. బేరం దగ్గరికి వచ్చాక లేస్తే చాలని పెద్దక్క చెబుతూనే ఉంది. ఆమె మాట చెవులు వింటున్నాయి, కాళ్ళు వినడం లేదు.

27, గురువారం

డైరీని మళ్ళీ టీవీ బల్ల కింద పెట్టమంటోంది అత్తయ్య. సీరియల్‌లో అందరూ ఊగుతూ కనబడుతున్నారట. ఇది ఒక్కటీ రాసి ఇచ్చేస్తాను.

ఈ రోజు మధ్యాహ్నం గంట మోగింది. తల మాత్రం తిప్పి చూశాను. వచ్చింది నిటారు, భోజనం చేసి. తలుపు దగ్గరే ఆగి మమ్మల్నే చూస్తున్నాడు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్" అన్నాను, కూర్చునే.